ఆమె గదిలో మొదలైన ఊరు

వేసవి వస్తే మా డీ స్మెట్ వీధుల్లో ఎక్కడెక్కడి రాష్ట్రాల కార్లూ కనిపిస్తాయి. వెయ్యి మంది ఉండే ఈ సౌత్ డకోటా ఊరికి వాళ్లంతా వచ్చేది లారా ఇంగల్స్ వైల్డర్ కోసం. ఆమె పుస్తకాల్లో చదువుకున్న ఇల్లు, బడి కళ్లారా చూడాలని వస్తారు. పిల్లలు లారా నాన్న వాయించే ఫిడేలు గురించి అడుగుతారు. అమ్మ గురించి అడిగేవాళ్లు తక్కువ. ఈ ఊళ్లో మొదటి ప్రార్థన జరిగింది మాత్రం ఆ అమ్మ ఊడ్చి సర్దిన గదిలోనే.

లారా తల్లి కరొలైన్ క్వైనర్ 1839 డిసెంబరు 12న విస్కాన్సిన్‌లోని బ్రూక్‌ఫీల్డ్‌లో పుట్టింది. ఆరేళ్లు నిండకముందే తండ్రి మిషిగన్ సరస్సులో ఓడ ప్రమాదంలో పోయాడు. యుక్తవయసుకు వచ్చేసరికి ఆమె పల్లె బడిలో పంతులమ్మ. 1860 ఫిబ్రవరి 1న చార్లెస్ ఇంగల్స్‌తో పెళ్లయింది. ఆమె అన్న చార్లెస్ చెల్లెల్ని చేసుకున్నాడు, ఆమె చెల్లెలు చార్లెస్ అన్నను చేసుకుంది. రెండిళ్ల మధ్య మూడు పెళ్లిళ్లు. మనవాళ్లయితే కుండమార్పు అనేవాళ్లు.

విస్కాన్సిన్ అడవిలో ఆమె వెన్న తీసే పద్ధతిని లారా రాసింది. చలికాలంలో మీగడ తెల్లగా పాలిపోయి ఉంటుంది. చిల్లుపడిన రేకు పళ్లేనికి భర్త మేకుతో బెజ్జాలు కొట్టి ఇస్తే, దాని మీద కరొలైన్ క్యారెట్ కోరేది. ఆ కోరు పాలల్లో వేసి వేడిచేసి, గుడ్డలో వడగట్టి, పచ్చని ఆ పాలు మీగడలో పిండి చిలికేది. వచ్చిన వెన్నను కడిగి, స్ట్రాబెర్రీ బొమ్మ చెక్కిన అచ్చులో నొక్కేది. చుట్టూ అడవే, చూసి మెచ్చుకునేవాళ్లు తక్కువ. అయినా వెన్న ముద్ద మీద ఆ పండు పడాల్సిందే.

చార్లెస్ కాలు ఒకచోట నిలిచేది కాదు. కాన్సస్ వెళ్లారు, విస్కాన్సిన్‌కి తిరిగొచ్చారు, తర్వాత మిన్నెసోటా, అయోవా, మళ్లీ మిన్నెసోటా. కాన్సస్‌లో వాళ్లు ఇల్లు కట్టుకున్న నేల ఒసేజ్ తెగవారిది. ఆదివాసులంటే తల్లికి ఉన్న భయం, ఏవగింపు లారా పుస్తకాల్లో దాపరికం లేకుండా కనిపిస్తాయి. కరొలైన్‌ను ఇష్టపడే మాలాంటివాళ్లు ఆ సంగతి దాచకూడదు. మా ఊరు వెలిసిన నేల కూడా డకోటా ప్రజల చేతిలోంచి వచ్చిందే.

మిన్నెసోటాలోని వాల్నట్ గ్రోవ్‌లో 1874లో కాంగ్రిగేషనల్ చర్చి మొదలైంది. తొలి సభ్యుల్లో కరొలైన్, చార్లెస్ ఉన్నారు. చర్చి గంట కొనడానికి చార్లెస్ 26 డాలర్ల 15 సెంట్లు ఇచ్చాడు. అప్పటికే మిడతల దండు వరసగా పంటలు తినేస్తున్న రోజులవి. మరుసటి ఏడు నవంబరు 1న వాళ్లకు కొడుకు పుట్టాడు. అదే నెలలో చార్లెస్ తన దగ్గర ఏమీ లేదని ప్రమాణపత్రం మీద సంతకం పెట్టి, రెండు అర పీపాల పిండి తెచ్చుకున్నాడు. దాని విలువ 5 డాలర్ల 25 సెంట్లు. ఏడాది తిరక్కుండా గంటకు చందా ఇచ్చిన ఇంట్లోకి సాయం పిండి వచ్చింది. ఆ పిండితో రొట్టె చేసినప్పుడు, చేతిలో పసిబిడ్డ ఉన్న ఆ తల్లి ఏమనుకుందో ఎక్కడా రాసి లేదు.

ఆ బాబు, ఫ్రెడ్డీ, 1876 ఆగస్టు 27న చనిపోయాడు. తొమ్మిది నెలలవాడు. కుటుంబం తూర్పుగా వెళ్తూ మధ్యలో ఆగిన చోట పోయాడు. సమాధి అక్కడే ఉండిపోయింది, వీళ్ల బండి కదిలిపోయింది. లారా తన నవలల్లో ఆ తమ్ముడి ఊసే ఎత్తలేదు. మూడేళ్లకు, 1879లో, పెద్దకూతురు మేరీకి జబ్బుచేసి రెండు కళ్లూ పోయాయి.

ఆ ఏడే వాళ్లు ఇటు వచ్చారు. రైల్వే సర్వేయర్లు వదిలివెళ్లిన ఇంట్లో ఆ చలికాలం గడిపారు. 1880 వసంతానికి భూములు వెతుక్కుంటూ జనం రాసాగారు. మరో నీడ లేదు. కరొలైన్ వాళ్లకు వండిపెట్టింది, పడుకోవడానికి నేల మీద చోటిచ్చింది. భోజనానికి 25 సెంట్లు. ప్రార్థనకు చేరిందీ ఆ ఇంట్లోనే. అదే ఏడు ఇక్కడ కాంగ్రిగేషనల్ చర్చి ఏర్పడితే, తొలి సభ్యుల్లో మళ్లీ ఆ దంపతులు.

1880 అక్టోబరులోనే మంచు తుఫాను విరుచుకుపడింది. జనవరి నుంచి మే దాకా రైలు రాలేదు. విత్తనపు గోధుమల్ని కాఫీ గింజలు ఆడించే చేతిమరలో విసిరి రొట్టె కాల్చారు. బొగ్గు అయిపోతే గడ్డిని మెలితిప్పి కట్టెల్లా పొయ్యిలో పెట్టారు. ఆ చలికాలం గురించి లారా రాసిన నవలలో లేని సంగతి ఒకటుంది. ఆ చలికాలమంతా ఒక యువజంట కూడా వాళ్ల ఇంట్లోనే ఉంది. వాళ్లకు బిడ్డ పుట్టింది కూడా ఆ ఇంట్లోనే. కుటుంబం ఒంటరిగా నెగ్గిన కథగా ఉండాలని లారా వాళ్లను పుస్తకంలోంచి తీసేసింది. నిజానికి కరొలైన్ పొయ్యి మీద ఆ రొట్టె ఇంకా పలచగా పంచుకోవలసి వచ్చింది. నాకైతే పుస్తకంలోని అమ్మకన్నా ఈ అమ్మే గొప్పగా కనిపిస్తుంది.

చార్లెస్‌కి ఇంకా పడమటికి, ఆరెగాన్‌కి పోవాలని ఉండేది. కరొలైన్ ఇక కదలనంది. పిల్లలకు బడి కావాలి. 1881 నవంబరులో మేరీని అయోవాలోని వింటన్ అంధుల బడిలో చేర్చారు. ఫీజు డకోటా ప్రభుత్వం కట్టింది, బట్టలు, ప్రయాణం ఖర్చు ఇంటివాళ్లది. లారా పంతులమ్మగా సంపాదించింది అందులోకి వెళ్లింది. 1889లో మేరీ చదువు పూర్తయింది.

1887లో చార్లెస్ మూడో వీధిలో ఇల్లు కట్టాడు. 1902లో ఆయన పోయాక కరొలైన్ ఆ ఇంట్లోనే మేరీతో ఉంది. తండ్రి ఆఖరి రోజుల్లో వచ్చి వెళ్లిన లారా మిస్సోరిలో ఉండిపోయింది. తల్లి, కూతురు మళ్లీ కలుసుకోలేదు. 1924 ఏప్రిల్ 20న కరొలైన్ కన్నుమూసింది. మా ఊరి శ్మశానంలో భర్త పక్కనే ఆమె సమాధి.

మరుసటి ఏడాది లారా, అమ్మకన్నా ముందు పుట్టిన మార్తా పెద్దమ్మకు ఉత్తరం రాసింది. చిన్నప్పుడు మీరు ఎలా బతికారు, ఏం చేసేవారు, గుర్తున్నదంతా చెప్పమని అడిగింది. అప్పటికింకా ఆమె పుస్తకం ఒక్కటీ రాలేదు. మార్తాకు ఎనభై దాటాయి. ఆమె కూర్చుని, తనకూ తన చెల్లెలికీ తెలిసిన ఆ విస్కాన్సిన్ ఇంటి సంగతులు పొడవాటి జవాబుగా రాసి పంపింది.