కాళ్ళ తిమ్మిరిని పట్టించుకున్న డాక్టరు

వేవిళ్ళ బాధ పడ్డవాళ్ళకే తెలుస్తుంది. అన్నం ఉడికే వాసన తగిలితే చాలు, కడుపులో తిప్పేస్తుంది. గుక్కెడు మంచినీళ్ళు కూడా నిలవవు. అలాంటప్పుడు డాక్టరు ఒక మాత్ర రాసిస్తే కాదనే తల్లి ఎవరు?

1957 అక్టోబర్ 1న పశ్చిమ జర్మనీలో గ్రూనెంతాల్ కంపెనీ థాలిడోమైడ్ మాత్రను కాంటర్గాన్ పేరుతో బజారులోకి తెచ్చింది. బ్రిటన్‌లో దాని పేరు డిస్టావల్. నిద్రమాత్రగా మొదలై వేవిళ్ళ మందుగానూ చెలామణి అయింది. ఎంత మోతాదు పెట్టినా ఎలుకలు చావలేదు గనక ఇంత నిరపాయమైన మందు లేదని ప్రచారం చేశారు. చూస్తుండగానే 40కి పైగా దేశాలకు పాకింది.

1960 సెప్టెంబరులో అమెరికాలో అమ్మడానికి అనుమతి కోరుతూ రిచర్డ్‌సన్-మెరెల్ కంపెనీ పెట్టిన దరఖాస్తు, మందులకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏలో అప్పుడే చేరిన డాక్టర్ ఫ్రాన్సెస్ కెల్సీ బల్ల మీదికి వచ్చింది. నాటి చట్టం ప్రకారం 60 రోజుల్లో అధికారులు అభ్యంతరం చెప్పకపోతే అనుమతి వచ్చినట్టే లెక్క. కెల్సీ కాగితాలన్నీ తిరగేశారు. మందు బాగుందని డాక్టర్లు మెచ్చుకున్న మాటలే ఎక్కువ, పకడ్బందీ పరీక్షల ఫలితాలు తక్కువ. వివరాలు చాలవని వెనక్కి పంపారు. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పంపారు. కంపెనీవాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేశారు, పైఅధికారుల దగ్గరికీ వెళ్ళారు. ఆమె జంకలేదు.

1961 ఫిబ్రవరిలో బ్రిటిష్ మెడికల్ జర్నల్ పాత సంచికలో ఒక చిన్న ఉత్తరం ఆమె కంటబడింది. స్కాట్లండ్ డాక్టరు లెస్లీ ఫ్లోరెన్స్ రాసింది. చాలాకాలంగా ఈ మాత్ర వేసుకుంటున్న తన రోగులు నలుగురికి ముందు పాదాల్లో, తర్వాత చేతుల్లో తిమ్మిర్లు, రాత్రిళ్ళు పిక్కలు పట్టేయడం, వేళ్ళు చల్లబడి పాలిపోవడం, కాస్త తూలడం... దీనికి థాలిడోమైడే కారణమా అని ఆయన అడిగారు. ఇంకొకరైతే చిన్న దుష్ప్రభావమేలే అనుకుని పేజీ తిప్పేసేవారు. కెల్సీకి అది నరాలు దెబ్బతిన్న గుర్తుగా తోచింది, వెనకటి సంగతీ గుర్తొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో మలేరియా మందుల మీద పనిచేస్తున్నప్పుడు, పెద్ద కుందేలు ఒంట్లో విరిగిపోయే క్వినైన్ దాని కడుపులోని పిండం దగ్గర విరగదని ఆమె కళ్ళారా చూశారు. పెద్దవాళ్ళ నరాలనే తినేసే మందు కడుపులో బిడ్డను ఏం చేస్తుంది? కంపెనీని ఆమె అడిగింది ఇదే. వాళ్ళ దగ్గర జవాబు లేదు.

జవాబు జర్మనీ ప్రసూతి ఆసుపత్రుల్లో ఉంది. భుజం దగ్గరే మొలిచిన వేళ్ళతో, చేతులు లేకుండా, చెవులు లేకుండా పిల్లలు పుడుతున్నారు. హాంబర్గ్ పిల్లల డాక్టరు విడుకిండ్ లెంట్స్ తల్లులను ఒక్కొక్కరినీ అడిగి కూపీ లాగారు. 1961 నవంబరు చివర్లో జర్మనీలో మందు అమ్మకం ఆగింది. ప్రపంచం మొత్తం మీద దాదాపు పదివేల మంది పిల్లలు దాని బారిన పడ్డారు. ఎందరో పురిట్లోనే పోయారు.

నన్ను కలచివేసేది ఆ రోజుల లెక్క. నెల తప్పిన ఓ వారం నుంచి మూడు వారాల దాకా పిండానికి చెవులు, చేతులు, కాళ్ళు రూపు కట్టే సమయం. సరిగ్గా వేవిళ్ళు మొదలయ్యేదీ అప్పుడే. మాత్ర అవసరం పడిన రోజూ, మాత్ర విషమయ్యే రోజూ ఒకటే అయ్యాయి. ఒక్క మాత్ర వేసుకున్న తల్లులూ నష్టపోయారు. ఏళ్ళ తరబడి తమను తాము తిట్టుకున్నారు. వాళ్ళ తప్పు ఇందులో రవ్వంత కూడా లేదు.

అమెరికాలో కంపెనీ పరీక్షల పేరుతో డాక్టర్లకు ముందే పంచిన మాత్రల వల్ల అక్కడా కొందరు పిల్లలు దెబ్బతిన్నారు. కెల్సీ అడ్డుపడకపోతే ఆ లెక్క ఎక్కడికి పోయేదో! 1962 ఆగస్టులో అధ్యక్షుడు కెనడీ ఆమెను సత్కరించారు. అక్టోబరులో చట్టం మారింది. మందు పనిచేస్తుందని కంపెనీయే రుజువు చూపాలి, అధికారి ఊరుకుంటే అనుమతి వచ్చేసే రోజులు పోయాయి.

ఇది చదివి ఇవాళ డాక్టరు రాసిన వేవిళ్ళ మాత్రను ఎవరూ పారేయకండి. భయం కూడా నష్టం చేస్తుంది. డాక్సిలమైన్, బి6 విటమిన్ కలిసిన మాత్రను అమెరికాలో కోర్టు దావాల ధాటికి 1983లో కంపెనీ మానేసింది. దానివల్ల బిడ్డకు హాని లేదని పరిశోధనల్లో తేలింది. 2013లో అది తిరిగొచ్చింది. దానితో వచ్చే ముఖ్యమైన ఇబ్బంది మగత.

థాలిడోమైడ్ కూడా తిరిగొచ్చింది, వేరే పనికి. 1964లో జెరూసలేంలో డాక్టర్ జాకబ్ షెస్కిన్ నిద్రపట్టని కుష్ఠు రోగికి ఇస్తే ఒంటి మీది బాధాకరమైన గడ్డలు తగ్గాయి. తర్వాత మల్టిపుల్ మైలోమా అనే ఎముక మజ్జ క్యాన్సర్‌కూ పనికొచ్చింది. దాని సంతతిలోని లెనాలిడోమైడ్‌ను మన హైదరాబాద్ కంపెనీలు నాట్కో, డాక్టర్ రెడ్డీస్ తయారుచేస్తున్నాయి. పిల్లలు కనే వయసు స్త్రీలకైతే గర్భం లేదని పరీక్షలో తేలాకే ఈ మందులు మొదలుపెట్టాలి. థాలిడోమైడ్ వాడుతున్న రోగిని డాక్టర్లు ఇప్పటికీ వచ్చినప్పుడల్లా ఒక మాట అడుగుతారు: “అరికాళ్ళలో తిమ్మిర్లు ఏమైనా ఉన్నాయా?”