గుర్రాలు ఎక్కినవాళ్లు, గుర్రాలు కడిగినవాళ్లు

గుర్రాలెక్కి వచ్చినవాళ్లని మమ్మల్ని అంటారు. తెలుగు చారిత్రక గాథల్లో ఢిల్లీ సుల్తాన్లు అశ్వపతులు, ఒడిశా రాజులు గజపతులు, విజయనగర రాజులు నరపతులు. ఆ అశ్వపతి బిరుదు సుల్తాన్లతోనే పోలేదు. జట్కా తోలుకుని బతికిన సాయిబు నెత్తికీ దాన్నే చుట్టారు.

మరి ఈ నేలమీదికి గుర్రాలు ఎట్లా వచ్చాయి? సైన్యాలతో వచ్చినవి ఉన్నాయి. సరుకుగా, అరేబియా, పర్షియా రేవుల నుంచి ఓడల్లో వచ్చినవీ ఉన్నాయి. 1244-45 నాటి మోటుపల్లి అభయశాసనంలో కాకతి గణపతిదేవుడు సముద్ర వర్తకులకు రక్షణ ఇచ్చాడు. గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల నుంచి పూర్వపు రాజులు లాక్కున్న సరుకుల్లో గుర్రాలనూ ఆ శాసనం చెప్తుంది. 1310లో ఓరుగల్లు ముట్టడి ముగిసినప్పుడు ప్రతాపరుద్రుడు ఇచ్చుకున్నవాటిలో ఏనుగులతోపాటు గుర్రాలున్నాయి. గుర్రం ఒక మతం సొత్తు ఎప్పుడయింది?

కొనడం వేరు, బతికించుకోవడం వేరు. 13వ శతాబ్దం చివర మార్కోపోలో పాండ్య తీరం గురించి రాస్తూ, ఏటా వేల గుర్రాలు కొంటారనీ, సాకడం తెలియక ఏడాది తిరిగేసరికి చాలావరకు చస్తాయనీ అన్నాడు. కాబట్టి రాజు ఎవరైనా సాకడం తెలిసిన మనిషి కావాలి. మేత పెట్టి కడిగే సాయీసు, నాడాలు కొట్టే నాల్‌బంద్ ఆ మనుషులే. జీను, లగాము, రికాబు అనే పారశీక మాటలు తెలుగు మాటలైపోయాయి. ఈ పని చేసినవాళ్లంతా ముస్లింలు కారు. దళితులున్నారు, ఇతర కులాలవాళ్లున్నారు. చరిత్ర ఎవరి పేరూ రాసుకోలేదు.

1949లో హైదరాబాదు రాజ్యంలో జాగీర్లు రద్దయ్యాయి. నవాబులు పోగొట్టుకున్నదానికి పుస్తకాల్లో లెక్క ఉంది. వాళ్ల తబేలాల్లో పేడ ఎత్తినవాళ్లు పోగొట్టుకున్నదానికి లెక్క లేదు. గుర్రప్పని తప్ప మరొకటి తెలియనివాళ్లకు ఊళ్లలో మిగిలిన దారి జట్కా.

జట్కా సాయిబు తబేలా అంటే ఇంటి పక్కన తాటాకు పందిరి, కింద ఒకటో రెండో గుర్రాలు. రోహిణి కార్తెలో అక్కడ బతుకెట్లా ఉండేదో ఏ చరిత్రా చెప్పదు. ఫజర్ నమాజు కాగానే బండి కట్టాలి. ఎండ ముదరకముందే ఇల్లు చేరాలి. మళ్లీ అసర్ దాటాకే బేరం. అంటే ఎండలు పెరిగినకొద్దీ సంపాదన తగ్గుతుంది, ఖర్చు పెరుగుతుంది. మామూలు రోజుల్లోనే గుర్రం 30 లీటర్ల నీళ్లు తాగుతుంది. వడగాడ్పుల్లో పనిచేస్తే అంతకు రెట్టింపు కావాలి. ఆ నీళ్లు వీధి కొళాయి దగ్గర బిందెతో పట్టి మోసింది మా ఆడవాళ్లు. ఉలవలు నానబెట్టిందీ, గరిక కోసుకొచ్చిందీ, తడి గోనెపట్టాలు కట్టిందీ వాళ్లే. గుర్రం మనిషిలాగే చెమటపట్టి ఒళ్లు చల్లబరుచుకుంటుంది. చెమటతో ఉప్పు పోతుంది కనుక దాణాలో ఉప్పు వేయాలి. ఎండలో గుర్రానికి చెమట ఆగిపోతే ప్రాణం మీదికొచ్చినట్టే. చదువురాని మా తల్లులకు ఇదంతా తెలుసు.

1985లో, 1986లో రంజాన్ మే నెలలో మొదలైంది. రోజా ఉన్న మనిషి నాలుక పిడచకట్టుకుపోతున్నా ముందు తొట్టి నింపాలి. మూగజీవం దప్పిక తీర్చడం కూడా ఇబాదతే అని పెద్దలు చెప్పేవారు. దండయాత్రల వారసులని మీరు పిలిచిన మనుషులు ఆ మధ్యాహ్నాల్లో చేసిన పని ఇది.

ఆటోలు వచ్చాయి, జట్కాలు పోయాయి. తబేలాలు గదులై అద్దెకు వెళ్లాయి. హైదరాబాదులో మిగిలిన కొన్ని గుర్రాలు పెళ్లి బరాత్‌లకు పోతున్నాయి. పైన కూర్చునే పెళ్లికొడుకు ఏ మతంవాడైనా కావచ్చు. లగాము పట్టి నడిచేవాడి పేరు ఇప్పటికీ ఎవరూ అడగరు.

మా చరిత్ర రాసేవాళ్లు ఇకనైనా నీళ్లతొట్టి దగ్గర మొదలుపెట్టాలి. ఆ నీళ్లు మోసినవాళ్లు మా బస్తీల్లో ఇంకా ఉన్నారు. అడిగితే చెప్తారు.