ఉప్పు మీద పెత్తనం ఎవరిది?

నెల్లూరు జిల్లా అల్లూరు మండలంలోని ఇసకపల్లి ఉప్పుకు పేరుబడ్డ ఊరు. ఎండలు ముదిరేసరికి అక్కడి మళ్ళలో ఉప్పు తెల్లగా పేరుకుంటుంది. చదునైన నేల, కట్టిపెట్టిన ఉప్పునీళ్ళు, కాసే ఎండ, తీసి కుప్పపోసే కూలీల రెక్కలు ఉంటే చాలు. ఇంత తేలిగ్గా పుట్టే సరుకు మీద ఇన్ని చట్టాలు, ఇంతమంది జవాన్లు, ఇన్ని జైలుశిక్షలు ఎందుకొచ్చాయంటే, మూలం ఆ తేలికలోనే ఉంది. ఎవరికివారు చేసుకోగలరు కాబట్టి కాపలా కావాలి. తినకుండా ఎవరూ ఉండలేరు కాబట్టి పన్నుకు ఢోకా లేదు. ఏ పాలకుడు వదులుకుంటాడు?

కుంఫిణీవాళ్ళకు ముందే ఈ లెక్క తెలిసినవాళ్ళున్నారు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో లవణాధ్యక్షుడని ఒక అధికారి కనిపిస్తాడు. అనుమతి లేకుండా ఉప్పు చేస్తే దండుగ తప్పదు. అయితే వానప్రస్థులకు ఆ దండుగ లేదు. శ్రోత్రియులు, తపస్వులు, వెట్టిచాకిరీ చేసేవాళ్ళు తిండికి సరిపడా ఉప్పు ఊరకే పట్టుకుపోవచ్చు. రాజుగారి చెయ్యి ఎక్కడ ఆగాలో ఆ పుస్తకమే ఒక గీత గీసింది. ఫ్రాన్సు రాజులకు ఆ మొహమాటం కూడా లేకపోయింది. అక్కడ చాలా ప్రాంతాల్లో ఎనిమిదేళ్ళు నిండిన ప్రతి మనిషి పేరా ఏటా ఇంత ఉప్పు కొనితీరాల్సిందే, అక్కర్లేదంటే కుదరదు. ‘గాబెల్’ అనే ఆ పన్ను విప్లవం వచ్చాక 1790లో గానీ రద్దు కాలేదు.

నెల్లూరు సీమ 1801లో ఆర్కాటు నవాబు చేతిలోంచి కుంఫిణీ చేతికి వచ్చింది. నాలుగేళ్ళు తిరక్కుండానే, 1805లో, మద్రాసు రాజధానిలో ఉప్పు సర్కారు గుత్తసొత్తు అయిపోయింది. పండించినవాడు సర్కారు కట్టిన రేటుకు సర్కారు కొఠారుకే తోలాలి. తినేవాడు సర్కారు చెప్పిన ధరకే కొనుక్కోవాలి. ఇద్దరి మధ్యా ఉన్న తేడా ఖజానాది. దీనికి ఇంకో సౌకర్యం కూడా ఉంది. 1844లో సరుకుల రవాణా మీద లోపలి సుంకాలు ఎత్తివేసినప్పుడు ఆ లోటు పూడ్చడానికి పెంచింది ఉప్పు ధరనే. వర్తకుడి నెత్తిన ఉన్న బరువు దిగి కూలివాడి కుండలోకి చేరింది.

సముద్రపు ఒడ్డున ఉన్నవాళ్ళ కథ ఇది. లోపలి ఊళ్ళలో చౌడునేలల మట్టిని నీళ్ళలో కలిపి, వడగట్టి ఉప్పు తీసేవాళ్ళుండేవారు. ఉప్పర్ల కులవృత్తి అదే. చౌడు ఉప్పును సర్కారు నేరం కింద కట్టి అణిచేసింది. వాళ్ళు మట్టిపనికి మళ్ళారు. చెరువులు తవ్వి, గట్లు పోశారు. ఒక కులం బతుకుతెరువు మొత్తం మారిపోయిన ఈ సంగతి చరిత్ర పుస్తకాల్లో పన్నుల పట్టిక పక్కన ఒక వాక్యంగా మిగిలింది. అది అన్యాయమే.

కోస్తా ఉప్పు మద్రాసుకు పడవల మీద పోయేది. తీరం వెంబడి సాగే కాలువకు, 1876-78 కరువు కాలంలో గవర్నరుగా ఉన్న బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టారు. కట్టెలు, ఉప్పు దాని మీద నడిచిన ముఖ్యమైన సరుకులు. తర్వాత గుత్త పద్ధతి సడలి, సుంకం కట్టి లైసెన్సు మీద పండించుకునే ఎక్సైజు పద్ధతి వచ్చింది. 1889 నాటి మద్రాసు ఉప్పు చట్టం దాన్ని గట్టిపరిచింది. సుంకం మణుగుకు 1888లో 2 రూపాయల 8 అణాలు. అదే 1907లో 1 రూపాయికి దిగింది, 1923లో మళ్ళీ 2 రూపాయల 8 అణాలకు ఎక్కింది, మరుసటి ఏడే 1 రూపాయి 4 అణాలైంది. ఢిల్లీ బడ్జెట్టులో లోటు ఎంతో ఇసకపల్లి ఉప్పు ధర చెప్పేదన్నమాట.

జాలరులుండే పట్టపుపాలేల గతేమిటి? వేటకు వెళ్ళినవాళ్ళు తెచ్చిన చేప ఉప్పు పడకపోతే పొద్దు వాలేసరికి కుళ్ళుతుంది. సుంకం కట్టిన ఉప్పు చేపకంటే ప్రియం. సముద్రం ముంగిట్లో ఉన్నా అందులో ఉప్పు తీసుకుంటే నేరం. ఈ చిక్కుకు 19వ శతాబ్దం చివర్లో ఒక విడ్డూరమైన విరుగుడు దొరికింది. తీరం పొడవునా సర్కారువాళ్ళు కంచె వేసి చేపలకు ఉప్పు పెట్టే యార్డులు కట్టారు. లోపల ఉప్పు సుంకం లేకుండా తూచి ఇస్తారు. చేపకు ఉప్పు అక్కడే, ఉద్యోగి కళ్ళ ముందే పట్టించాలి. గుప్పెడు ఉప్పు గడప దాటి కూరలోకి పోకూడదు. దయ కూడా కంచె కట్టుకుని వచ్చింది! కానీ నవ్వి ఊరుకోవడానికి లేదు. అధికారానికీ అవసరానికీ మధ్య ఒప్పందం కుదిరితే ఎలా ఉంటుందో ఈ తీరం చూసిన మొదటి నమూనా ఆ యార్డే.

తనంతట తాను పేరిన ఉప్పును ఏరుకున్నా చట్టం ఒప్పుకునేది కాదు. అలాంటి ఉప్పును మట్టిలో కలిపి పాడుచేయడం ఉద్యోగుల పని. 1930 ఏప్రిల్ 6న దండిలో గాంధీ పట్టుకున్న గుప్పెడు ఉప్పు వెనుక ఉన్న కోపం ఇదే. నెల్లూరు జిల్లాకు ఆయన కొత్తవాడు కాడు. పెన్నా ఒడ్డున పల్లిపాడులో దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య నెలకొల్పిన పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7న ప్రారంభించింది ఆయనే. దక్షిణాఫ్రికాలో ఆయనకు స్నేహితుడైన రుస్తుంజీ దానికి 10,000 రూపాయలిచ్చారు. ఆశ్రమానికి స్థలమిచ్చిన పొణకా కనకమ్మ ఉప్పు సత్యాగ్రహంలో దిగి రాయవేలూరు జైలుకు వెళ్ళారు. భూస్వాముల కుటుంబం ఆవిడది. ఉప్పు ధర పెరిగితే ఆవిడ వంటింటికి వచ్చే లోటేమీ లేదు. పన్ను మోయలేక కాదు, తన్ను అడగకుండా వేశారని ఎదురుతిరిగిన తరం అది.

1931 మార్చి 5న గాంధీ, ఇర్విన్ సంతకాలు చేసిన ఒడంబడికలో ఉప్పుకు ఒక పేరా ఉంది. చట్టాన్ని మార్చబోమని సర్కారు అందులో ఖరాఖండిగా చెప్పింది. అయితే ఉప్పు పండే తావులను ఆనుకుని ఉన్న ఊళ్ళవాళ్ళు ఇంటి వాడకానికి ఏరుకోవచ్చు, చేసుకోవచ్చు, ఆ ఊళ్ళోనే అమ్ముకోవచ్చు. పొలిమేర దాటి బయటివాళ్ళకు అమ్మకూడదు. యార్డు కంచె జరిగి జరిగి ఊరి పొలిమేర దగ్గర ఆగింది. అంత ఉద్యమానికి దక్కింది ఇంతేనా అని అప్పట్లో పెదవి విరిచినవాళ్ళున్నారు. తీరంలో ఉన్నవాళ్ళకు మాత్రం అది చిన్న విషయమేమీ కాదు.

ఉప్పు పన్ను పూర్తిగా పోయింది తాత్కాలిక ప్రభుత్వంలో లియాఖత్ అలీఖాన్ ఆర్థిక మంత్రిగా ఉన్నప్పుడు, 1947 ఏప్రిల్ 1 నుంచి. మరుసటి ఏడు 10 ఎకరాల దాకా ఉప్పు పండించుకోవడానికి లైసెన్సు అక్కర్లేదన్నారు. అలాగని ప్రభుత్వం ఉప్పును వదిలేయలేదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో కేంద్ర జాబితా 58వ అంశం ఉప్పే. 1953లో సెస్సు కూడా వచ్చింది.

అసలు మలుపు ఖజానా వైపు నుంచి కాక ఆసుపత్రి వైపు నుంచి వచ్చింది. శ్రీకాకుళంలో పుట్టిన వైద్య శాస్త్రవేత్త వులిమిరి రామలింగస్వామి, ఆయన సహచరులు 1956లో హిమాలయాల పాదంలోని కాంగ్రా లోయలో పరిశోధన మొదలుపెట్టారు. ఉప్పులో అయోడిన్ కలిపి ఇస్తే గొంతు వాపు జబ్బు తగ్గుతుందని తేల్చారు. 1962లో జాతీయ కార్యక్రమం మొదలైంది. 1998లో అయోడిన్ లేని ఉప్పును తిండికి అమ్మకూడదని దేశమంతటా నిషేధించారు. 2000లో అది ఎత్తేశారు. 2006 మే 17 నుంచి మళ్ళీ పెట్టారు. పన్ను రేటు ఎక్కి దిగినట్టే ఇదీ ఎక్కి దిగింది. ఈసారి సర్కారు అడిగింది డబ్బు కాదు. నీ మంచికే చెబుతున్నానంది, అందుకే ఎదురు చెప్పడం మరింత కష్టమైంది. పసిపిల్లల మెదడు ఎదుగుదలకు అయోడిన్ కావాలన్నది కాదనలేని నిజం. ఇసకపల్లిలాంటి చోట ఉప్పు పండించే చిన్న రైతు అయోడిన్ కలిపే యంత్రం పెట్టుకోలేడన్నదీ నిజమే.

వివాదం సుప్రీంకోర్టుకు ఎక్కింది. 2011 జూలై 4న తీర్పు వచ్చింది. అయోడిన్ మంచిదా చెడ్డదా అన్నదాని మీద కోర్టు తీర్పు తిరగలేదు. ఏ చట్టం ఇచ్చిన అధికారంతో నిషేధించారన్నదే ప్రశ్న. కల్తీ నిరోధక చట్టం కింద ఆ నిబంధన చేశారు. మామూలు ఉప్పు కల్తీ సరుకూ కాదు, తింటే హాని చేసేదీ కాదు. కాబట్టి ఆ చట్టం కింద ఇలాంటి నిబంధన చెల్లదంది కోర్టు. అయినా ప్రజారోగ్యం దృష్ట్యా దాన్ని ఆరు నెలలు కొనసాగనిచ్చి, ఈలోగా సరైన మార్గం చూసుకోమంది. ఉప్పు ఏరుకున్నందుకు 1930లో జైలుకు వెళ్ళినవాళ్ళకు ఈ ప్రశ్న వేసే చోటు లేదు. అప్పుడు చట్టం చేసేవాడూ, పన్ను తినేవాడూ, శిక్ష వేసేవాడూ ఒక్క సర్కారే. ఈ ఎనభై ఏళ్ళలో వచ్చిన పెద్ద మార్పు పన్ను పోవడం కాదు, సర్కారును నిలదీయడానికి ఒక గుమ్మం దొరకడం.

ఆరు నెలల గడువు పూర్తిగా వాడుకోవాల్సిన అవసరమే పడలేదు. 2011 ఆగస్టు 5న అమల్లోకి వచ్చిన ఆహార భద్రత నిబంధనల్లో అదే కట్టడి మరో చట్టం అండతో తిరిగి వచ్చింది. దాని ప్రకారం తిండి ఉప్పులో తయారైనచోట పది లక్షల పాళ్ళకు 30 పాళ్ళు, కొనేవాడి చేతికి వచ్చేసరికి 15 పాళ్ళకు తగ్గకుండా అయోడిన్ ఉండాలన్నారు. సరుకులు నిల్వచేయడానికి, మందులకు, పశువులకు, పరిశ్రమలకు, అయోడిన్ కలిపే కర్మాగారాలకు మామూలు ఉప్పు అమ్ముకోవచ్చు, సంచి మీద ఆ సంగతి స్పష్టంగా రాస్తే చాలు. అంటే నెల్లూరు తీరంలో పండిన కల్లుప్పు ఎండుచేపల గంపలోకి నేరుగా పోవచ్చు. పక్కనే పొయ్యి మీదున్న పులుసులోకి పోవాలంటే మాత్రం కర్మాగారం చుట్టి రావాలి.