ప్రయోగపు బల్లపై విద్యుత్తు

ఇంటియందు ఎలక్ట్రానిక్స్ ప్రయోగములు చేయదలచినవారు మొట్టమొదట కొనవలసిన సాధనములలో పవర్ సప్లై యొకటి. గోడలోని ప్లగ్గునుండి వచ్చు 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తును గ్రహించి, ప్రయోగమునకు కావలసిన కొద్ది వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మార్చి యిచ్చు పెట్టె యిది. అంగడిలో చాలమంది "ఎన్ని వోల్టులు? ఎన్ని ఏంపియర్లు?" అని మాత్రమే అడుగుదురు. మంచి పెట్టెకు ముందుభాగమున రెండు నాబులుండును. ఒకటి వోల్టేజిని నిర్ణయించును. రెండవది ప్రవాహమునకు హద్దు విధించును. ఈ రెండును ఏల వచ్చినవో తెలిసికొన్నచో ఎన్నిక సులభమగును.

1800 సంవత్సరమున ఇటలీ దేశీయుడైన వోల్టా జింకు, వెండి బిళ్ళల నడుమ ఉప్పునీటిలో తడిపిన ముక్కలనుంచి దొంతరగా పేర్చి, ఎడతెగక విద్యుత్తునిచ్చు తొలి సాధనమును లోకమునకు ప్రకటించెను. కాని దాని బలము నిలుకడగా నుండలేదు. లోపల హైడ్రోజన్ బుడగలు లోహముపై పేరుకొనిన కొలది ప్రవాహము క్షీణించుచుండెను.

జర్మనీలోని కొలోన్ నగరమున ఉపాధ్యాయుడుగా నుండిన ఓమ్, తీగ పొడవునకును ప్రవాహమునకును గల సంబంధమును కొలువబూనినపుడు ఈ చాంచల్యమే అడ్డువచ్చెను. మూలమే మారుచుండగా, ప్రవాహములోని మార్పు తీగవలన కలిగినదో, ఘటమువలన కలిగినదో తెలియుటెట్లు? పోగెన్‌డార్ఫ్ సలహాపై ఆయన ఘటమును విడిచి, బిస్మత్, రాగి లోహముల ఉష్ణయుగ్మమును గైకొనెను. ఒక సంధిని మరుగుచున్న నీటిలోను, మరియొకదానిని కరుగుచున్న మంచులోను ఉంచెను. ఆ రెండు ఉష్ణోగ్రతలును స్థిరములు. కావున వోల్టేజియు స్థిరము. 1826లో జరిగిన ఈ కొలతలనుండియే నేడు మన విద్యార్థులు నేర్చు ఓమ్ నియమము వెలువడెను. నిలుకడగల మూలము లేనిదే నమ్మదగిన కొలత లేదనుట దీనివలన స్పష్టము. 1836లో డేనియల్ మైలుతుత్తపు ద్రావణమును వాడి హైడ్రోజన్ బెడదను తొలగించి, నిలుకడగల ఘటమును నిర్మించెను.

రెండవ నాబు కథ రేడియోతో మొదలగును. 1920 దశకమునందలి రేడియోలలో వాల్వు ఫిలమెంటును వేడిచేయుటకు 6 వోల్టుల సీసపు బ్యాటరీయు, ప్లేటునకు 45 మొదలు 90 వోల్టుల వరకు గల పొడి బ్యాటరీలును వాడుచుండిరి. తీగలు తారుమారై ప్లేటు బ్యాటరీ ఫిలమెంటునకు తగిలినచో వాల్వు మాడిపోవును. సీసపు బ్యాటరీయు సాధువు కాదు. దాని అంతర్నిరోధము 0.02 ఓములనుకొన్నచో, కొనలు కలిసినపుడు పారగల ప్రవాహము 300 ఏంపియర్లు! సన్నని తీగ ఎర్రగా కాలుట కిది చాలును. 1925లో కెనడాలో రోజర్స్ ఇంటి విద్యుత్తుతోనే పనిచేయు రేడియోను అమ్మకమునకు తెచ్చెను. క్రమముగా ట్రాన్స్‌ఫార్మరు, ఏకధిక్కరణి, కండెన్సరు బ్యాటరీల స్థానము నాక్రమించెను.

1947లో ట్రాన్సిస్టరు పుట్టెను. ఫ్యూజు కరగులోగానే కాలిపోగల సుకుమారమైన వస్తువది. అందుచేత మూలమే ప్రవాహమును కనిపెట్టుచుండుట అవసరమయ్యెను. ఇట్టి పెట్టె తన వోల్టేజిని లోపలి స్థిరప్రమాణముతో ఎల్లప్పుడు పోల్చుకొని సరిదిద్దుకొనును. ప్రవాహము హద్దును చేరగానే వోల్టేజిని తానే తగ్గించుకొనును. ఇట్టివానిని తయారుచేసిన హారిసన్ లేబరేటరీస్ సంస్థను 1961లో హ్యూలెట్-పాకర్డ్ వారు కొనిరి. 1976లో వచ్చిన ఎల్.ఎం. 317 అను చిన్న చిప్పుతో 1.25 వోల్టులనుండి 37 వోల్టుల వరకు మార్చుకొనదగిన సప్లైని ఇంటిలోనే కూర్చుకొనుట సాధ్యమయ్యెను.

నేడు దొరకునవి రెండు తెగలు. లీనియర్ పెట్టె మిగులు వోల్టేజిని వేడిగా వదలును: 20 వోల్టులనుండి 5 వోల్టులు, 1 ఏంపియరు తీసికొన్నచో 15 వాట్లు వేడియగును. అది బరువైనది, కాని రొద తక్కువ. రేడియోలకు, ఆంప్లిఫయర్లకు మేలు. స్విచ్చింగ్ పెట్టె తేలిక, వేడియు తక్కువ. అయితే అధిక పౌనఃపున్యపు రొదను కొంత కలుపును. కొత్తవారికి 30 వోల్టులు, 3 ఏంపియర్లు చాలును. హద్దు నాబు లేని 10 ఏంపియర్ల పెట్టెకన్న అది గల 3 ఏంపియర్ల పెట్టెయే మేలు.

కొత్త సర్క్యూటును తగిలించుటకు ముందు హద్దును పూర్తిగా తగ్గించి, సప్లై కొనలు రెండును కలిపి, ప్రవాహమును 50 మిల్లీ ఏంపియర్ల వరకు మాత్రమే పెంచుడు. పిమ్మట కొనలను విడదీసి, వోల్టేజిని సరిచూచుకొని, సర్క్యూటును తగిలింపుడు. పొరపాటున్నచో మీటరు చూపును. ట్రాన్సిస్టరు సాధారణముగా బ్రతుకును. కాని ఈ హద్దు కాపాడునది వస్తువులనే. మనుష్యుని కాపాడునవి వేరు: లోపల ట్రాన్స్‌ఫార్మరు చుట్లు ఇంటి విద్యుత్తునుండి పూర్తిగా వేరుపడి యుండవలెను; మూడుకాళ్ళ ప్లగ్గునకు సరియైన ఎర్తు ఉండవలెను; ప్లగ్గు తీయక మూత తెరువరాదు.

ఓమ్ వెదకినది నిలుకడ. ట్రాన్సిస్టరు కోరినది హద్దు. కొనునపుడు ఈ రెండింటిని చూచి, తరువాతనే ధర నడుగుడు.