వసంతపు తావి – దానిని కూర్చిన చేతులు

వసంతము వచ్చినదని పంచాంగము చెప్పుటకు ముందే పూవులు చెప్పును. వేప పూచును, పొగడ రాలును, సంపెంగ తావి పెరటిగోడ దాటి వచ్చును. ఉద్యోగరీత్యా ఏ రాష్ట్రమున నున్నను ఉగాదినాడు మనవారు వేపపూత కొరకు వెదకుట మానరు. కాని పూవు ఒక పూటకే వాడును. వాడిపోవు పూవు తావిని నిలుపుకొనవలెనను కోరిక మన దేశమున మిక్కిలి ప్రాచీనము. ఆ కోరిక ఎట్లు తీరినది? తీర్చినవారెవరు? ఈ రెండు ప్రశ్నలే ఈ వ్యాసమునకు విషయము.

క్రీ. శ. 6వ శతాబ్దివాడగు వరాహమిహిరుని మనము జ్యోతిశ్శాస్త్రవేత్తగా నెరుగుదుము. ఆయన బృహత్సంహితలో ‘గంధయుక్తి’ యను అధ్యాయము కలదు. తల నెరసినవానికి పూలదండలు, గంధములు, భూషణములు శోభింపవని చెప్పి, జుట్టు నలుపుచేయు విధానముతో నాయన ఆ ప్రకరణము నారంభించుట చమత్కారముగా నుండును. అటుపిమ్మట పరిమళముల ముచ్చట. ఇందలి విశేషమేమనగా, పూవుల తావిని పూవులు లేకయే కల్పించుట. ఆకుపత్రి, తురుష్కమను సుగంధపు బంక, కురువేరు, తగరము – ఈ నాలుగింటిని సమభాగములుగా గలిపిన ‘స్మరోద్దీపన’మను గంధమగును. దానికి చందనము చేర్చిన సంపెంగ తావి, చెంగల్వకోష్ఠు చేర్చిన కలువ తావి, దాల్చినచెక్క, ధనియాలు మొదలగునవి చేర్చిన మాధవీపుష్పపు తావి కలుగునని ఆయన చెప్పెను. మూలమిశ్రమము నొక్కదానిని స్థిరముగా నుంచుకొని, చేర్పును మార్చి వేర్వేరు పూవులను తలపింపజేయు ఈ నేర్పు నేటి పరిమళకారుల పద్ధతికి దూరమైనది కాదు.

అంతటితో నాయన ఆగలేదు. తుంగముస్తలు, వట్టివేరు, కర్పూరము, నాగకేసరము, అగరు, దవనము, చందనము మొదలైన 16 ద్రవ్యములను పేర్కొని, వాని భాగముల నంకెలలో సూచించెను. వేరొక పదునారు ద్రవ్యములను నలుచదరపు గడులలో నిలిపినచోట, భాగముల నడ్డముగా గాని నిలువుగా గాని ఏ వరుస కూడినను 18 వచ్చును. మొదటి పదునారింటినుండి నాలుగేసి చొప్పున నేరిన 1,820 కూర్పులగును. ఒక్కొక్క కూర్పునకు భాగభేదముచే 96 విధములు. వెరసి 1,74,720 పరిమళములు! గణితజ్ఞుడు లెక్క కట్టినాడు. కాని ఏ వేరు దేనితో పొసగునో నూరి, కలిపి, ముక్కునకు జేర్చి తెలిసికొన్నవారు అంగడి గాంధికులు. వారి పేర్లు మనకు దక్కలేదు.

ఇక మన తెలుగునాటికి వత్తము. కొండవీటి ప్రభువగు కుమారగిరిరెడ్డి 1386 మొదలు 1402 వరకు రాజ్యమేలెను. వసంతోత్సవములయందు కర్పూరాది సుగంధములను విరివిగా వినియోగించి ‘కర్పూర వసంతరాయడ’ని బిరుదు పొందెను. ఆ ఉత్సవములకు సుగంధద్రవ్యములు సమకూర్చిన వర్తకుడు అవచి తిప్పయ్యసెట్టి. శ్రీనాథుడు హరవిలాసమును ఈతనికే అంకితమిచ్చి, గోవనుండి జవ్వాది, భోటదేశమునుండి కస్తూరి, చీనా నుండి పట్టు – ఇట్లు ఈ కుటుంబము తెప్పించిన సరకులను వర్ణించెను. కొండవీట ఒకనాటి వసంతము ఘుమఘుమలాడుటకు ఎన్ని దేశముల ఓడలు, ఎన్ని బండ్లు కదలవలసెనో దీనివలన తెలియును. రాజునకు బిరుదు దక్కినది. వర్తకునకు కావ్యము దక్కినది. రోకటిలో కస్తూరి నూరినవారికి ఏమి దక్కినది?

పూవునుండియే తావిని రాబట్టు మార్గమున గులాబి అత్తరు కథ ప్రసిద్ధము. 1605 నుండి 1627 వరకు పాలించిన జహంగీరు చక్రవర్తి తన స్వీయచరిత్రలో దీనిని వ్రాసికొనెను. నూర్జహాను తల్లి అస్మత్ బేగము పన్నీరు కాచి, వేడివేడిగా పళ్లెములలో పోయగా, పైని సన్నని తెట్టె కట్టినది. ఆమె దానిని పారవేయక కొంచెము కొంచెముగా సేకరించెను. అరచేత నొక్క బొట్టు రాచిన సభయంతయు గులాబి మొగ్గలు విచ్చినట్లుండెనట. చక్రవర్తి ఆమెకు ముత్యాలహార మిచ్చెను. సలీమా సుల్తాన్ బేగము దానికి ‘ఇత్రె జహంగీరీ’ యని పేరుపెట్టెను. చిత్రమేమనగా, అత్తరునకు చక్రవర్తి పేరు నిలిచినది. లోకవాడుకలో కీర్తి కుమార్తెకు చేరినది. కనిపెట్టిన తల్లి పేరు మరుగుపడినది. చక్రవర్తి స్వహస్తముతో వ్రాయకున్న అదియు మిగిలెడిది కాదు.

హర్షుని రాజధానియైన కనౌజులో ఈ విద్య నేటికిని జీవించియున్నది. వసంతకాలమున తెల్లవారకమునుపే కోసిన గులాబులను నీటితో రాగి డేగులో నింపి, మూతచుట్టు మట్టి మెత్తి, క్రింద మంట పెట్టుదురు. ఆవిరి వెదురుగొట్టము గుండ పోయి, నీటితొట్టిలో నుంచిన భప్కా అను పాత్రలో చల్లబడును. భప్కాలోని చందనతైలము పూవుల తావిని పీల్చుకొనును. నీటిని వేరుచేసి, దినదినము క్రొత్త పూవులతో ఇట్లే చేయుదురు. మంట హెచ్చిన పూవు మాడును, తగ్గిన తావి రాదు. పనివాడు పాత్రను తాకియు, లోని చప్పుడు వినియు మంటను సరిచూచుకొనును. ఈ విద్య చేతినుండి చేతికి వచ్చినది. చందనతైలము ధర హెచ్చిన కొలది చౌకయైన పారాఫిను దాని స్థానమాక్రమించుచున్నది. కొనువారు వాసనను మాత్రమే చూచి, వెలను మాత్రమే బేరమాడిన, ఆ చేతులకు పని యుండదు.

వరాహమిహిరుడు సూత్రమును కాపాడెను, శ్రీనాథుడు వర్తకుని కాపాడెను, జహంగీరు ఒక తల్లి పేరును కాపాడెను. వారివారి కాలమున ఎవరో ఒకరు వ్రాయబట్టియే ఇంతమాత్రము మనకు తెలిసినది. మన యిండ్లలో సున్నిపిండి కలిపిన అమ్మమ్మలు, సంపెంగనూనె కాచిన నాయనమ్మలు, దవనము మరువము చేర్చి కదంబము కట్టిన ముత్తవలు ఉండిరి. వారి పాళ్లు ఏ గ్రంథమునను లేవు. ఈ వసంతమున ఇంటికి పోయినపుడు, తెలిసిన పెద్దలున్నచో అడిగి వ్రాసికొందము. పాళ్లతోపాటు వారి పేర్లను గూడ వ్రాసికొందము.