నూనె తీసిన పల్లీ: ఒక పొడి పుట్టుపూర్వోత్తరాలు

మహబూబాబాద్ జిల్లా బయ్యారం చెరువు కాకతీయుల నాటిది. గణపతిదేవ చక్రవర్తి తోబుట్టువు మైలమ 13వ శతాబ్దంలో దాన్ని తవ్వించింది. అక్కడి శాసనం కాకతీయ వంశాన్ని వెన్నడనే పూర్వీకుడి దగ్గర్నుంచి వరసగా చెబుతుంది కాబట్టి చరిత్రకారులు దాన్ని కళ్లకద్దుకుంటారు. ఆ చెరువు కింద పండిన బియ్యం తిన్నవాళ్ల వంటింట్లో నువ్వులున్నాయి, మిరియాలున్నాయి, చింతపండు ఉంది. పల్లీలు లేవు. ఎండుమిర్చీ లేదు. ఇవాళ ఆ వైపు వేడన్నంలో కలుపుకునే పల్లికారానికి ప్రాణమైన ఆ రెండు సరుకులూ అప్పటికింకా అమెరికా ఖండం దాటలేదు.

పల్లిపొడి తాతముత్తాతల నాటిదనుకుంటాం, తీరా చూస్తే దాని వయసు అంత ఎక్కువేమీ కాదు. పట్నం దుకాణాల్లో ‘పీనట్ బటర్ పౌడర్’ అని అమ్ముతున్న డబ్బా నిన్నగాక మొన్న పుట్టిందనుకుంటాం, దాని వెనకున్న పని మాత్రం గానుగంత పాతది. వేయించిన పల్లీల నుంచి నూనె పిండి, మిగిలిన చెక్కను మెత్తగా విసిరితే ఆ పొడి వస్తుంది. పల్లీలో సగానికి దగ్గరగా ఉండేది నూనే. దాన్ని ఉంచుకోవాలా, తీసేయాలా, తీశాక మిగిలినదాన్ని ఎవరికి పెట్టాలి? ఈ పొడి కథంతా ఆ ప్రశ్నల చుట్టూనే తిరిగింది.

నేలలో కాయ

వేరుశనగ పుట్టిల్లు దక్షిణ అమెరికా. బొలీవియా దక్షిణాన, అర్జెంటీనా వాయవ్యాన ఉన్న కొండవాలుల్లో రెండు అడవి జాతులు సహజంగా సంకరమై ఈ మొక్క పుట్టిందని జన్యుశాస్త్రవేత్తలు తేల్చారు. పూత నేలపైన, కాత నేల లోపల. పువ్వు రాలాక దాని అడుగునుంచి సన్నటి ఊడ ఒకటి కిందికి దిగి, మట్టిలోకి చొచ్చుకుపోయి, అక్కడ కాయై ఊరుతుంది. మన రైతులు ఊడలు దిగే వేళకు నేలను గుల్లగా ఉంచి, జిప్సం చల్లి మట్టి ఎగదోసేది అందుకే.

పెరూలో ఈ కాయకు రాజమర్యాదలు జరిగాయి. 1987లో సిపాన్ దగ్గర పురావస్తు శాస్త్రవేత్త వాల్టర్ ఆల్వా బృందం తవ్విన మోచే నాగరికత పాలకుడి సమాధిలో పల్లికాయల ఆకారంలో చేసిన గుండ్ల హారం దొరికింది. ఒక పక్క బంగారు కాయలు, ఇంకో పక్క వెండి కాయలు. అది సుమారు 1700 ఏళ్ల కిందటి మాట. స్పెయిన్, పోర్చుగల్ నావికులు ఆ ఖండంలో అడుగుపెట్టాక ఈ గింజ ఓడలెక్కింది. ఆఫ్రికాకు, ఆసియాకు, ఆ దారిలో మన తీరానికి చేరింది. తమిళుల ‘మణిలాకొట్టై’ అనే పేరులో ఫిలిప్పీన్స్ రేవు మనీలా వినిపిస్తుంది. మనకు కోస్తాలో వేరుశనగ, అనంతపురం వైపు బుడ్డలు, తెలంగాణలో పల్లీలు.

సబ్బు కోసం పంట

వచ్చిన వెంటనే ఇది వంటింటి రాణి కాలేదు. చాలా కాలం పెరటి పంటగానే ఉండిపోయింది. 19వ శతాబ్దంలో ఫ్రాన్సులోని మార్సే సబ్బుల కార్ఖానాలకు నూనె కావలసి వచ్చినప్పుడు దీని దశ తిరిగింది. ఫ్రెంచివారి పుదుచ్చేరి రేవు నుంచి గింజలు ఓడలకెత్తారు. దక్షిణ ఆర్కాటు మెట్టచేలు వేరుశనగతో నిండాయి. ఆ శతాబ్దం చివర్లో తెగుళ్లు తగిలి, విత్తనం నిస్సత్తువై పంట పడిపోతే మారిషస్ నుంచి కొత్త విత్తనం తెచ్చి నిలబెట్టారు. అక్కడినుంచి రాయలసీమ ఎర్రనేలలకు పాకింది.

నిజాం ఏలుబడిలోని తెలంగాణలో ఇది ఆముదం, పొగాకు సరసన వ్యాపార పంటగా చేరింది. 20వ శతాబ్దం మొదటి సగానికి మహబూబ్‌నగర్, నల్లగొండ, కరీంనగర్, వరంగల్ జిల్లాల రైతు చేతికి నగదు తెచ్చే పంటల్లో ఇదొకటి. అలా సబ్బు కోసం పెరిగిన గింజ, దారిలో మన మూకుట్లోకి దూకింది. అప్పటిదాకా కూరల్లో, పొడుల్లో నువ్వులు చేస్తున్న కొలువులో సగం పల్లీలకు దక్కింది. తెలంగాణ వంటల్లో చాలాచోట్ల ‘నువ్వులో పల్లీలో’ అని రెంటినీ ఒకే ఊపిరిలో చెప్పుకోవడం వెనక ఈ ఉమ్మడి కొలువు ఉంది.

నూనె ఉంచిన పొడి

సద్దుల బతుకమ్మ నాడు ఇచ్చిపుచ్చుకునే సత్తుల్లో పల్లీల సత్తు ఒకటి. నువ్వుల సత్తు, పెసర సత్తు, మక్క సత్తు దాని తోడబుట్టినవి. వేయించడం, దంచడం, బెల్లమో చక్కెరో కలపడం, అంతే. నీళ్లు తగలవు కాబట్టి ఊరేగింపు వెంట చెరువుకట్ట దాకా నిశ్చింతగా మోసుకుపోవచ్చు. పల్లీల్లో ఉన్న నూనే బెల్లాన్ని పట్టి ఉంచుతుంది. పిడికిట్లో బిగిస్తే ముద్దవుతుంది, పాకం అక్కర్లేదు.

కారప్పొడిదీ అదే సూత్రం. మంట తగ్గించి, మూకుట్లో పల్లీలను కదుపుతూ వేయించాలి. పొట్టు చిట్లి, లోపలి పప్పు గోధుమరంగుకు తిరిగి, కమ్మటి వాసన వచ్చాక దింపాలి. పూర్తిగా చల్లారనివ్వాలి. అరచేతుల మధ్య నలిపి, చాటలో చెరిగితే పొట్టు ఎగిరిపోతుంది. వేయించిన ఎండుమిర్చి, జీలకర్ర, ఉప్పు ముందు దంచి, పల్లీలు వేసి పలుకుపలుకుగా ఉండగానే పొట్టుతో నాలుగు ఎల్లిపాయ రెబ్బలు పడేసి రెండు పోట్లు వేస్తే చాలు.

రోలు పోయి మిక్సీ వచ్చాక ఒక చిక్కు మొదలైంది. ఆపకుండా తిప్పితే బ్లేడు వేడికి గింజలోంచి నూనె ఊరి, పొడి కాస్తా జారుముద్ద అయి గిన్నె గోడలకు అతుక్కుంటుంది. ఆపుతూ, తిప్పుతూ, మధ్యలో చెంచాతో కదుపుతూ చేసుకోవాలి. మన ఇళ్లలో పొడి చెడిపోయిందని గొణుక్కునే ఆ ముద్దకే అమెరికాలో పేటెంట్లు ఇచ్చారు. మాంట్రియల్‌కు చెందిన మార్సెలస్ గిల్మోర్ ఎడ్సన్ 1884లో వేయించిన పల్లీల ముద్దకు అమెరికా పేటెంటు పొందాడు. అమెరికా వైద్యుడు జాన్ హార్వే కెల్లాగ్ 1895లో తన పద్ధతికి పేటెంటు దరఖాస్తు పెట్టాడు. టస్కిగీలో పనిచేసిన నల్లజాతి శాస్త్రవేత్త జార్జ్ వాషింగ్టన్ కార్వర్ పీనట్ బటర్ కనిపెట్టాడని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. పల్లీలను వండే 105 రీతులతో 1916లో ఆయన రైతుల కోసం వెలువరించిన చిన్న పుస్తకం మాత్రం నిజం.

నూనె తీసిన పొడి

గానుగ తిరిగిన ప్రతిచోటా చెక్క మిగిలింది. దాన్ని ఎక్కువగా పశువులకు పెట్టారు, పొలానికి ఎరువుగా వేశారు. మనిషి కంచం దాకా వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. నువ్వుల నూనె తీశాక మిగిలే తెలగపిండిని కోస్తా జిల్లాల్లో మునగాకుతో కలిపి కూర వండుతారు. బాలింతలకు పాలు పడతాయని మరీ పెడతారు. నూనె తీసిన పిండిలో సత్తువ మిగిలే ఉందని ఆ ఇల్లాళ్లకు ప్రయోగశాల చెప్పనక్కర్లేకపోయింది.

ప్రయోగశాల కూడా ఆ దారికే వచ్చింది. 1950లో మైసూరులో మొదలైన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ, తిండికి కటకటగా ఉన్న దేశానికి మాంసకృత్తులు చవగ్గా ఎలా అందించాలని ఆలోచించి, నూనె తీసిన పల్లిపిండిని ఎంచుకుంది. మూడు వంతుల పల్లిపిండికి ఒక వంతు శనగపిండి కలిపి, విటమిన్లు, ఖనిజాలు చేర్చి ‘మల్టీ పర్పస్ ఫుడ్’ తయారుచేసింది. తర్వాత పల్లీల మాంసకృత్తులను పాలతో కలిపి ‘మిల్టోన్’ తెచ్చింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ బక్కచిక్కిన పిల్లల కోసం కూర్చిన ‘హైదరాబాద్ మిక్స్’లో వేయించిన గోధుమలు, శనగపప్పు, బెల్లంతో పాటు పల్లీలున్నాయి. అక్కడ నూనె తీయలేదు. ఎండిపోయిన బిడ్డకు ఆ కొవ్వే కావాలి మరి.

అయితే ఈ పిండికి ఒక ముప్పూ ఉంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు కుప్పకూలాయి. కారణం తెలియక ‘టర్కీ ఎక్స్ జబ్బు’ అన్నారు. ఆరా తీస్తే, వాటి దాణాలో కలిపిన బ్రెజిల్ పల్లిపిండి బూజు పట్టిందని తేలింది. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే ఆ బూజు వదిలే విషానికి అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, క్యాన్సర్‌కు దారితీస్తుంది. గింజను పిండినప్పుడు ఈ విషంలో ఎక్కువ భాగం నూనెతో పోకుండా చెక్కలోనే నిలిచిపోతుంది. వేయించినా పూర్తిగా చావదు. పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, 15 వేలకు పైగా వేరుశనగ రకాల విత్తనాలను భద్రపరుస్తూనే, ఈ బూజును పొలంలోనే అరికట్టే మార్గాల మీద ఏళ్లతరబడి పనిచేసింది. చివరిదశలో చేను బెట్టకు గురైతే, కోసిన కాయ సరిగా ఎండకపోతే, పురుగు తొలిచిన కాయ కుప్పలో కలిస్తే బూజుకు పండగే.

ఈ శతాబ్దం తొలి దశకంలో అమెరికాలోని జార్జియా రాష్ట్రం టిఫ్టన్ పట్టణం నుంచి ‘పీబీ2’ పేరుతో నూనె తీసిన పల్లిపొడి అంగళ్లకెక్కింది. ఈసారి గిరాకీ ఆకలితో ఉన్నవాళ్లది కాదు, బరువు తగ్గాలనుకున్నవాళ్లది. మల్టీ పర్పస్ ఫుడ్‌కు, ఈ డబ్బాకు ముడిసరుకు ఒకటే, కొనేవాడు మారాడు.

డబ్బా మీది లెక్క

ఆ డబ్బాల మీద రెండు పెద్ద చెంచాల పొడికి 60 కేలరీలనీ, అంతే పీనట్ బటర్‌కు 190 అనీ రాస్తారు. మూడో వంతేనని సంబరపడేముందు తూకం చూడాలి. రెండు చెంచాల పొడి 13 గ్రాములే, రెండు చెంచాల ముద్ద 32 గ్రాములు. వంద గ్రాములకు వంద గ్రాములు పెట్టి చూస్తే దాదాపు 460, 590. తేడా ఉంది గాని, పైకి కనిపించినంత లేదు. అసలు లాభం మాంసకృత్తుల్లో ఉంది. ముద్దలో వంద గ్రాములకు 22 గ్రాములుంటే పొడిలో 46 దాకా ఉంటాయి. చాలా డబ్బాల్లో చక్కెర, ఉప్పు కలిపి ఉంటాయి కాబట్టి కూరలో వేసేముందు చిన్న అక్షరాలు చదువుకోవాలి. పల్లీలు పడనివాళ్లకు నూనె తీసినా పడవు, ఎలర్జీ తెచ్చేది అందులోని మాంసకృత్తులే.

మన వంటల్లో ఏది ఎక్కడ వాడాలో నూనే చెబుతుంది. గుత్తి వంకాయకు, బగారా బైంగన్‌కు, మిర్చీ కా సాలన్‌కు నూనె ఉన్న పొడే తగినది. కూర మగ్గాక పైకి తేలే నూనెలో కొంత పల్లీలదే. వరంగల్ వైపు సర్వపిండిలో కూడా పంటికింద పలుకులు తగలాలి, మెత్తటి పొడి అక్కడ పనికిరాదు. సత్తు ముద్దలకైతే నూనె తీసిన పొడి అసలు కుదరదు, నెయ్యో పాకమో పోయందే పిడికిట్లో నిలవదు.

నూనె తీసిన పొడికి తడి వంటలు అనువు. పచ్చిపులుసులో నువ్వుల పొడికి బదులు ఓ చెంచా వేసి పోపు పెడితే పులుసు చిక్కబడుతుంది, పైన జిడ్డు తేలదు. ముందు కాసిని చల్లటి నీళ్లలో ఉండల్లేకుండా జారుగా కలిపి, ఆపైన పొయ్యాలి. బెండకాయ, దొండకాయ, చిక్కుడుకాయ వేపుళ్లలో దింపేముందు చల్లితే కాయ తడిని పీల్చుకుని పొడిపొడిగా ఉంచుతుంది. ముందే వేస్తే అడుగంటుతుంది, చేదెక్కుతుంది. రాగి జావలో, మజ్జిగలో కలపొచ్చు. జొన్నరొట్టె పిండిలో గుప్పెడు కలిపితే రుచి బాగుంటుంది గాని, జొన్నకు అసలే జిగట లేదు కాబట్టి అంతకు మించితే రొట్టె అంచులు పగులుతాయి. పిల్లల చపాతీ పిండిలో ఆ బాధ లేదు.

దాణాకూ తిండికీ మధ్య

ఈమధ్య పట్టణాల్లో కట్టెగానుగలు మళ్లీ తిరుగుతున్నాయి. కళ్లముందే ఆడించిన నూనెకు జనం కాస్త ఎక్కువే పెడుతున్నారు. పక్కన మిగిలిన చెక్క మాత్రం పాడిరైతుల సంచుల్లోకి పోతుంది. ఖరీదైన డబ్బాలోదీ, ఆ సంచిలోదీ పుట్టుకకు ఒకటే. అలాగని దాణా చెక్కను ఇంటికి తెచ్చి దంచుకోకూడదు. గానుగలో పడే గింజ తిండి కోసం ఏరినది కాకపోవచ్చు, చెక్క నిలవున్న చోటు పొడిగా ఉండకపోవచ్చు, టర్కీ కోళ్లను చంపింది ఆ నిర్లక్ష్యమే.

కాయను బాగా ఎండబెట్టి, ముడతలు పడ్డవి, రంగు మారినవి, బూజు వాసన వేసేవి చాటలో పోసి ఒక్కటొక్కటిగా ఏరేసి, గానుగ శుభ్రం చేయించి ఆడిస్తే వచ్చే చెక్క తాజాగా ఉన్నప్పుడు మనిషి తిండే. కట్టెగానుగలో పచ్చి గింజలే ఆడిస్తారు కాబట్టి పొడి చేశాక సన్నసెగ మీద కమ్మగా వేయించుకోవాలి. అందులో నూనె ఎంతో కొంత మిగిలే ఉంటుంది గనక గాలి చొరని డబ్బాలో పెట్టి, కొద్దివారాల్లో వాడేయాలి. యాసంగి పల్లీ పండించే ఊళ్లలో, సత్తులు చేసి అలవాటున్న ఆడవాళ్ల చేతుల్లో ఇది గొప్ప విద్యేమీ కాదు. గింజ మనదే, గానుగ మనదే. ధర పలికించేది ఏరివేత, ఆ పనికి కూలి గిట్టుబాటయ్యేలా చూస్తే చెక్కకు పశువుల కొట్టం ఒక్కటే గతి కానక్కర్లేదు.