జన్యుసూచికలు – దూరం, వివాహం

ఐరోపాకు చెందిన 1,387 మంది జన్యుసూచికలను పోల్చి 2008లో గీసిన చిత్రం దాదాపు ఆ ఖండం పటంలాగే వచ్చింది. దూరం పెరిగేకొద్దీ తేడా పెరిగింది. భారతదేశాన్ని అర్థం చేసుకోవడానికి దూరం ఒక్కటే చాలదు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి., అమెరికా శాస్త్రజ్ఞులు కలిసి 2009లో వెలువరించిన అధ్యయనంలో, ఒకే ప్రాంతపు సమూహాలను పోల్చినా తేడాలు ఐరోపాలో కంటే ఎక్కువగా కనిపించాయి. ప్రధాన కారణం అంతర్వివాహం. ఆంధ్ర వైశ్యులను గమనించండి. కొద్దిమంది పూర్వీకుల సంతతి రెండు వేల ఏళ్లుగా తమలో తామే వివాహాలు చేసుకుంది. అందుకే శస్త్రచికిత్సలో కండరాల సడలింపుకు ఇచ్చే ఒక మందు ప్రభావం వారిలో కొందరికి త్వరగా తగ్గదు. కులం బ్రిటిషు పాలనలోనే గట్టిపడిందనే వాదాన్ని ఈ ఆధారంతో పోల్చి చూడండి. అయితే జన్యువులు తెలిపేది వివాహాల సంగతే. హోదాల సంగతికి మీరు శాసనాలను చూడక తప్పదు.